ఆగ్నేయం అంటే ఏ పక్క?

రేడియో జ్ఞాపకాలు రాయమంటే మనవాళ్ళందరం దాదాపు ఒకే వ్యాసం రాస్తాం. తెల్లవారుజామున భక్తిరంజని, ఆరూ నలభై అయిదుకు విజయవాడ నుంచి ప్రాంతీయ వార్తలు, ఆ వెంటనే ఒక్క ముక్క అర్థం కాకపోయినా శ్రద్ధగా విన్న సంస్కృత వార్తలు, ఏడింటికి ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు, ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ, రాత్రి నాటకం. మధ్యలో అమ్మ కాఫీ కలపడం, నాన్నగారు గడ్డం గీసుకోవడం. చివర్లో "ఆ రోజులే వేరు" అని ఒక నిట్టూర్పు. నేనూ అలాంటివి రెండు మూడు రాశాను. ఇప్పుడు తీసి చదువుకుంటే బాగానే ఉన్నాయి గానీ, రాయవలసినది రాయలేదనే బెంగ ఒకటి మిగిలిపోయింది. అందుకని ఇది.

మాది బందరు. మచిలీపట్నం అనేది రేడియోలోనూ రైల్వే బోర్డు మీదా ఉండే పేరు. ఊళ్ళో మాకది బందరే. వలందులు వచ్చి వలందపాలెం, ఫ్రెంచివాళ్ళు వచ్చి పరాసుపేట, ఆంగ్లేయులు వచ్చి ఇంగ్లీషుపాలెం మిగిల్చిపోయిన ఊరు. వచ్చినవాళ్ళందరినీ సముద్రమే తెచ్చింది, ఊరిని అప్పుడప్పుడూ ముంచిందీ సముద్రమే. మా ఇల్లు గొడుగుపేటలో. హాల్లో గోడకు కొట్టిన చెక్క బల్ల మీద మర్ఫీ రేడియో, దాని మీద నాయనమ్మ అల్లిన లేసు గుడ్డ, పైకప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన జాలీ ఏరియలు. మీట తిప్పితే ముందు లోపల బల్బు వెలిగేది. గొట్టాలు వేడెక్కి గొంతు రావడానికి ఇంకాస్త సమయం పట్టేది. ఆ కాస్త సేపూ మేం దాని ముందు నిలబడి ఎదురుచూసేవాళ్ళం, గుళ్ళో తెర తీయడానికి ఎదురుచూసినట్టు. ఏటా పోస్టాఫీసుకు వెళ్ళి దానికి లైసెన్సు రుసుము కట్టిరావాలి. వినడానికి కూడా ప్రభుత్వం అనుమతి కావలసిన రోజులవి. ఈ సంగతి మన నిట్టూర్పు వ్యాసాల్లోకి ఎందుచేతనో రాదు.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. అంతకు పదేళ్ళ ముందు నుంచే, అంటే 1938 నుంచి, మద్రాసు కేంద్రం తెలుగులో మాట్లాడుతోంది. హైదరాబాదులో దక్కన్ రేడియో ఉండేది, అది 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఈ లెక్కన మా నాన్నగారి తరం బాల్యంలో తెలుగు గొంతు మద్రాసు నుంచి వచ్చింది, నా తరానికి బెజవాడ నుంచి. ఇదేమంత చిన్న తేడా కాదు. "మూడు వందల యాభై ఎనిమిది దశాంశం నాలుగు మీటర్లు, అనగా ఎనిమిది వందల ముప్ఫై ఏడు కిలోహెర్ట్జ్‌ల మీద" అని ఆ గొంతు చెబుతుంటే, ఆ చెప్పే మనిషి మన బస్సు ఎక్కి వెళితే రెండు మూడు గంటల్లో కనిపించగల మనిషి అన్న నమ్మకం మాకుండేది.

ఆ కేంద్రంలో పనిచేసినవాళ్ళ పేర్లు చూడండి. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, అన్నవరపు రామస్వామి, నండూరి సుబ్బారావు, ఉషశ్రీ. ఏ విశ్వవిద్యాలయమైనా ఇంతమందిని ఒక్క కప్పు కిందకు చేర్చగలిగిందా అని నాకు అనుమానమే. వీరంతా జీతానికో పారితోషికానికో పనిచేస్తూ, గడియారం చూసుకుంటూ, ఎర్రదీపం వెలిగితే పాడుతూ, ఆరితే ఆపుతూ చేసిన పని అది. ఓలేటి వారు సంగీత శిక్షణ కార్యక్రమంలో పాఠం చెబుతుంటే మా ఇంటి పక్క ఆవిడ పెరట్లో గిన్నెలు తోముతూ ఆయన వెనకే పాడుకునేది. ఆవిడకు ఇంకో గురువు లేడు.

ఉషశ్రీ గురించి అందరూ రాశారు కాబట్టి నేను ఎక్కువ రాయను. పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు గారి గొంతులో రామాయణ భారతాలు వస్తుంటే వీధులు నిర్మానుష్యమయ్యేవన్నది అతిశయోక్తి కాదు. నేను చూశాను. నాయనమ్మ ఆ వేళకు వంట ముగించుకుని, తల దువ్వుకుని, రేడియోకు ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చునేది. కాళ్ళు మాత్రం రేడియో వైపు చాపేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి.

మా వీధికి రొయ్యపొట్టు, ఎండుచేపలు అమ్ముకునే ఒక ముసలమ్మ వచ్చేది. గిలకలదిండి నుంచి నడిచి వచ్చేది. గంప దించి మా అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి, తరువాత తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుండేది: "రేడియోలో ఏం జెప్పారు చినబాబూ?" ఆమె అడిగేది సముద్రం కబురు. ఆమెకు కొడుకులు వేటకు వెళ్ళేవాళ్ళు. నాకప్పుడు పదేళ్ళు. పొద్దున వార్తలు విని, అందులో ఆమెకు కావలసిన భాగం గుర్తుపెట్టుకుని చెప్పడం నా ఉద్యోగం. జీతం అప్పుడప్పుడూ గుప్పెడు రొయ్యలు.

అయితే ఆ ఉద్యోగంలో ఒక చిక్కుండేది. "మచిలీపట్నానికి ఆగ్నేయ దిశగా కేంద్రీకృతమైన వాయుగుండం క్రమేపీ బలపడి" అని రేడియో చెబుతుంది. నేను దాన్ని అప్పజెబుతాను. ఆమె విని, "అంటే ఏ పక్క?" అంటుంది. నాకు తెలియదు. నాయనమ్మనడిగితే "ఆగ్నేయం అంటే వంటిల్లుండే మూల" అంది. ముసలమ్మ మా ఇంట్లోకి తొంగిచూసి, వంటిల్లు ఎటుందో చూసుకుని, సముద్రం వైపు తిరిగి చేత్తో కొలుచుకుని, "ఓహో, అటా" అనేది. నలభై ఏళ్ళుగా సముద్రాన్ని చూస్తున్న మనిషి, గాలి వాసన చూసి రేపేమవుతుందో చెప్పగల మనిషి, తన సముద్రం కబురు తాను తెలుసుకోవడానికి మా వంటిల్లు ఆనవాలు పెట్టుకోవలసి వచ్చింది. పోటు, పాటు, పైరగాలి, కొండగాలి లాంటి ఆమె మాటలేవీ రేడియోలో ఉండేవి కావు. రేడియో మాటలేవీ ఆమె దగ్గర ఉండేవి కావు. మధ్యలో పదేళ్ళ దుబాసీని నేను.

1977 నవంబరు 18, శుక్రవారం. ఆ పొద్దున వార్తల వేళకు నాన్నగారు ఊళ్ళో లేరు. రేడియో నా చేతిలో ఉంది. మామూలుగా ఆ వేళ ముల్లు కదిపే స్వాతంత్ర్యం నాకు లేదు. దొరికిన స్వాతంత్ర్యాన్ని నేను సిలోనుకు తిప్పాను. బందరులో సిలోను శుభ్రంగా వినబడేది, మధ్యలో ఉన్నది సముద్రమేగా. హిందీ పాటలు వచ్చాయి. విన్నాను. తరువాత ముసలమ్మ వచ్చి అరుగు మీద కూర్చుని మామూలు ప్రశ్న అడిగింది. వినలేదని చెప్పడానికి నామోషీ వేసింది. "ఏం చెప్పలేదు" అన్నాను.

నాగాయలంక అవతల ఆమె కూతురిని ఇచ్చారు. ఆ పిల్ల నీళ్ళోసుకుందని, చూసి రావడానికి వెళుతున్నానని, వారం దాకా రానని నాయనమ్మతో చెప్పి, గంప తిరగేసి నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మరునాడు సాయంత్రం ఏం జరిగిందో మీకు తెలుసు. దివిసీమ మీదకు సముద్రం లేచి వచ్చింది. నిలువెత్తు మనుషులు ముగ్గురిని ఒకరి మీద ఒకరిని నిలబెట్టినంత ఎత్తు నీళ్ళని చూసినవాళ్ళు చెప్పారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే పది వేల మంది వరకూ పోయారు. చాలామంది ఆ లెక్కను నమ్మరు. బందరులో మాకు చెట్లు కూలాయి, పెంకులు లేచిపోయాయి, కరెంటు చాలా రోజులు లేదు. మర్ఫీ మూగబోయింది. నాన్నగారి చిన్న ట్రాన్సిస్టరు ఒకటుండేది, దానికి బ్యాటరీలు కొత్తవి దొరకవు; ఉన్నవాటిని ఎండలో పెట్టి, వేడి చేసి మళ్ళీ వేసేవాళ్ళం. (ఎండలో పెడితే ప్రాణం లేచివస్తుందని ఎవరు కనిపెట్టారో గానీ, మన దేశంలో ప్రతి ఇంట్లోనూ తెలుసు.) మరునాడు ఆదివారం. ఉషశ్రీ వేళ అయింది. నాయనమ్మ గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. మేం ట్రాన్సిస్టరు అందివ్వబోతే, "ఉండనీ, వార్తలకు కావాలి" అంది. ఆవిడ జీవితంలో ఉషశ్రీని తనంతట తాను మానుకున్న ఆదివారం నాకు తెలిసి అదొక్కటే.

ముసలమ్మ మా వీధికి మళ్ళీ రాలేదు.

నేను వార్తలు విని చెప్పి ఉంటే ఆమె వెళ్ళేది కాదా? తెలియదు. హెచ్చరికలు విన్న వేలమంది కూడా కదలలేదన్నది చరిత్ర. ఎక్కడికి కదలాలి, ఏ గట్టి ఇంట్లోకి కదలాలి? అప్పటికి తుపాను ఆశ్రయాలు లేవు. అవి ఆ ఉప్పెన తరువాత కట్టినవి. కూతురి కడుపు పండిందంటే వాయుగుండానికి జడిసి ఆగే తల్లి ఎవరుంటారు? ఇవన్నీ నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే ఉన్నాను కాబట్టి నమ్మడం లేదనే అర్థం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన రేడియో స్మృతుల మీద నాకొక అభ్యంతరం ఉంది. మనం రేడియోను పాటగా గుర్తుపెట్టుకున్నాం, కబురుగా మర్చిపోయాం. ఆ ముసలమ్మకు రజనిగారి సంగీతం తెలియదు, ఉషశ్రీ ధర్మసందేహాలు తెలియవు. ఆమెకు ఆకాశవాణి అంటే గాలి ఎటు నుంచి వస్తుందో చెప్పేది. కాలువలకు నీళ్ళు ఎప్పుడు వదులుతారు, మార్కెట్టులో పెసలు ఎంత పలుకుతున్నాయి, దోమకాటుకు వరిమీద ఏం చల్లాలి... "పాడిపంటలు" వస్తుంటే మనం పాటల కోసం ముల్లు తిప్పేవాళ్ళం. పంచాయతీ ఆఫీసు గోడకు కట్టిన లౌడుస్పీకరు కింద చుట్టలు కాల్చుకుంటూ కూర్చుని వినేవాళ్ళ కోసం అది. వాళ్ళు వ్యాసాలు రాయలేదు కాబట్టి మన జ్ఞాపకాలే రేడియో జ్ఞాపకాలయ్యాయి.

ఇంకొకటి. ఆ రేడియోను మనం మరీ పూజామందిరం చేయనక్కరలేదు. 1952లో కేస్కర్ గారు మంత్రిగా వచ్చి సినిమా పాటలను ఆకాశవాణి గడప దాటనివ్వకపోతే దేశమంతా సిలోనుకు తిరిగింది. అమీన్ సయానీ గొంతు అలాగే ఇంటింటి గొంతయింది. (ఆయన 2024 ఫిబ్రవరిలో పోయారు. మా ఇంట్లో ఎవరికీ సరిగా హిందీ రాదు, అయినా ఆ వార్త విని అన్నయ్య అమెరికా నుంచి ఫోను చేశాడు.) 1957లో వివిధభారతి పెట్టి ఆకాశవాణి తన పట్టు తానే సడలించుకుంది. 1975 జూన్ 26న ఎమర్జెన్సీ కబురు వచ్చిందీ ఈ రేడియోలోనే, ఆ తరువాత చెప్పవలసినవి చెప్పకుండా ఉన్నదీ ఈ రేడియోనే. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య సంగతి బీబీసీ మధ్యాహ్నానికే చెబితే మన రేడియో సాయంత్రం దాకా చెప్పలేదు. ఆ రోజు మా నాన్నగారు ముల్లును ఇటూ అటూ తిప్పుతూ, "మనింట్లో చావు పక్కింటివాడు చెబితే గానీ తెలియదా" అన్న మాట నాకు గుర్తుంది.

భాష సంగతి సరేసరి. విజయవాడ ప్రకటనల తెలుగు అందమైన తెలుగు, కాదనను. నేనిప్పుడు రాస్తున్న ఈ నాలుగు ముక్కల వాక్యనిర్మాణం కూడా అక్కడ నేర్చుకున్నదే. కానీ అది గోదావరి, కృష్ణ ఒడ్డున చదువుకున్న ఇళ్ళ తెలుగు. తెలంగాణ మాట వినబడాలంటే హైదరాబాదు కేంద్రంలో చిన్నక్క, ఏకాంబరం మాట్లాడే కార్మికుల కార్యక్రమం దాకా ఆగాలి. అదీ హాస్యానికో, సామాన్య జనానికో కేటాయించిన మూల. వార్తలు ఆ మాటలో చదవవచ్చునని ఎవరికీ తోచలేదు. గిలకలదిండి తెలుగు ఏ మూలకూ రాలేదు.

ఆ తెలుగుతో రేడియో నడవదా అంటే నడిచింది. జహీరాబాదు దగ్గర మాచనూరులో 2008 అక్టోబరులో సంఘం రేడియో మొదలయింది. పొలం పనులు చేసుకునే దళిత స్త్రీలు వాళ్ళ మాటలో, వాళ్ళ విత్తనాల గురించి, వాళ్ళ పాటలతో నడిపిన రేడియో. దాని అందుబాటు చుట్టుపక్కల కొన్ని ఊళ్ళు మాత్రమే. స్థానికమంటే అంతే ఉండాలి కూడా. దానికి దారి వేసిన వాటిలో 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వం గుత్తసొత్తు కాదు అన్నది దాని సారం. ఆ ధర్మాసనంలో మన జీవన్‌రెడ్డి గారు కూడా ఉన్నారు. కానీ ఆ తరువాత ప్రైవేటు ఎఫ్ఎంలు వచ్చి ఏం చేశాయి? ఊరూరా తెరుచుకుని, అన్ని ఊళ్ళలోనూ ఒకే పాట, ఒకే తొందర, ఒకే వెకిలి నవ్వు. సొంతంగా వార్తలు చెప్పే అనుమతి వాటికి ఇవ్వలేదు; ఇచ్చినా ఏం చెప్పేవో నాకు పెద్ద ఆశ లేదు. ప్రజల ఆస్తిని వేలం వేస్తే కొన్నవాడి పాటే వినబడుతుంది.

"ఇప్పుడు సెల్‌ఫోనుంది కదా, దుబాసీ అక్కరలేదు కదా" అంటారు. నిజమే. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నేను బందరులోనే ఉన్నాను. తుపాను కబుర్లు ఫోనులో టకటకా వస్తున్నాయి. ఉపగ్రహం బొమ్మలు, గాలి వేగాలు. మనుషుల్ని ముందే ఖాళీ చేయించారు. 1977కూ ఇప్పటికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా, దానికి దణ్ణం పెట్టాలి. కానీ టీ బడ్డీ దగ్గర ఒక పెద్దాయన ఫోను పట్టుకుని పక్కవాడిని అడుగుతున్నాడు, "ఆగ్నేయం అంటున్నాడు, ఎటురా?" అని. నేను లేచి చెయ్యి చాపి చూపించాను. ఆయన నా వైపు వింతగా చూశాడు, ఇంత తొందర దేనికన్నట్టు.

ఇక మిగిలినవాటి సంగతి. రజనిగారు 2018లో పోయారు. ఉషశ్రీ 1990లోనే పోయారు. ఆ గొంతులు కొన్ని రికార్డుల్లో ఉన్నాయి, అభిమానులు ఇళ్ళలో క్యాసెట్ల మీద పట్టుకున్నవి ఇంకొన్ని అంతర్జాలంలో దొరుకుతున్నాయి. కానీ టేపు ఖరీదయిన రోజుల్లో ఒకదాని మీద ఇంకోటి రికార్డు చేయడం రేడియో కేంద్రాల్లో మామూలు. అలా చెరిగిపోయినవాటిలో మొదట చెరిగినవి ఏవో ఊహించడం కష్టం కాదు. కచేరీ టేపు దాచుకునే చెయ్యి, రైతు మాట్లాడిన టేపును దాచుకోదు. పాడిపంటల్లో మాట్లాడిన ఆసామి గొంతు, పల్లెకు వెళ్ళి రికార్డు చేసుకొచ్చిన నాట్ల పాట, తుపాను రాత్రి హెచ్చరిక చదివిన అనౌన్సరు గొంతు - ఇవి కావాలి నాకు. ఉన్నవాటిని ఆకాశవాణి బీరువాల్లోంచి తీసి అందరికీ ఉచితంగా పెట్టాలి. పన్ను కట్టినవాళ్ళం, లైసెన్సు రుసుము కట్టినవాళ్ళం, అడిగే హక్కుంది. కచేరీలు సీడీలుగా అమ్ముకుంటే అమ్ముకోమనండి, నాకేం పేచీ లేదు.

ఈలోగా చేతిలో ఉన్న పని మానక్కరలేదని, కిందటి వేసవిలో మా అమ్మను కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేశాను. ఎనభై దాటాయి, గొంతు మాత్రం ఇంకా గట్టిదే. గొడుగుపేట ఇల్లు, మర్ఫీ రేడియో, నాటకం వచ్చే రాత్రి చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ మా హాల్లో చేరడం, నాయనమ్మ తమలపాకులు - నలభై నిమిషాలు చెప్పింది. మధ్యలో పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళింది. ఆ చప్పుడు కూడా అందులో ఉంది, తీసేయలేదు. ఉప్పెన సంగతి అడిగాను. సిలోను సంగతి మొదటిసారి అప్పుడే చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఆవిడ పేరు నీకు తెలుసా?" అంది. తెలియదు. నలభై ఏడేళ్ళుగా మోస్తున్న మనిషికి నా దగ్గర పేరు లేదు, ముసలమ్మ అంతే.

అమ్మకు తెలుసు. చెప్పింది. రికార్డులో ఉంది.